మెట్టు కింద ఏముంది?



ఇల్లు కట్టేటప్పుడు శంకుస్థాపనకి ముహూర్తం పెట్టిస్తాం. ద్వారబంధం ఎత్తడానికి ఇంకో ముహూర్తం. స్లాబు వేసిన రోజున మేస్త్రీకి బట్టలు పెట్టి, కూలీలందరికీ భోజనాలు పెడతాం. వీధి మెట్లకి మాత్రం ఇవేవీ ఉండవు. గృహప్రవేశం వారంలోకి వచ్చాక, మిగిలిన ఇటుకా మిగిలిన ఇసుకా ఓ పక్కన కనిపిస్తే, "మేస్త్రీగారూ, ఆ మెట్లు కూడా లాగించెయ్యండి" అంటాం. "ఆయ్, లాగించేద్దామండీ" అంటాడాయన. రెండు రోజుల్లో మెట్లు లేస్తాయి. రెండు వేసవులు గడిచేసరికి ఇంటి నుంచి విడిపోతాయి.

ఇవాళ ఆ మెట్ల సంగతే మాట్లాడుకుందాం. వీధి గుమ్మం ముందువి, పెరట్లోకి దిగేవి, నూతి గట్టు దగ్గరవి, కాలువ పక్క ఇళ్ళవాళ్ళకి రేవులోకి దిగేవి. చూరు నీడ కూడా దక్కని మెట్లు. పాడైతే ఎలా బాగు చేయించుకోవాలి, ఏటేటా బాగు చేయించే పని పడకుండా ఏం చూసుకోవాలి, అదీ విషయం.

అమలాపురం వెళ్ళండి, భీమవరం వెళ్ళండి, పాలకొల్లు వెళ్ళండి. ఏ వీధిలోనైనా నాలుగిళ్ళు చూస్తే రెండిళ్ళ దగ్గర ఒకటే జబ్బు కనిపిస్తుంది. పై మెట్టుకీ అరుగుకీ మధ్య వేలు దూరేంత చీలిక. అందులోంచి గడ్డి మొక్క, వానాకాలంలో చీమల బారు. సంక్రాంతికి సున్నాలు వేయించేటప్పుడు ఆ చీలికలో ఇంత సిమెంటు కూరి పైన రంగు పూయిస్తారు. మే నెలకి మళ్ళీ అక్కడే పగులుతుంది. మేస్త్రీ సిమెంటు తక్కువ కలిపాడని ఇంటాయన, ఇసుక మంచిది తేలేదని మేస్త్రీ ఒకరినొకరు అనుకుంటారు. ఇద్దరి మాటా నిజం కాదు. బస్తా సిమెంటు తెచ్చి కూరినా అది చీలి తీరుతుంది. ఎందుకో తెలియాలంటే మెట్టు కింద ఏముందో చూడాలి.

మన డెల్టా నేల గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. చాలా చోట్ల అందులో నల్ల బంకమట్టి పాలు ఎక్కువ. ఆ మట్టి నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది. దాళ్వా కోతలయ్యాక మే నెలలో చేలోకి వెళితే నేల నెర్రెలిచ్చి ఉంటుంది కదా, కర్ర దింపితే జానెడు లోతుకి దిగుతుంది. అదే మట్టి మన ఇంటి ముందు కూడా ఉంది. పైన గచ్చు చేశాం కాబట్టి నెర్రెలు కనబడవు, అంతే తేడా.

ఇప్పుడు రెండు పునాదులు పోల్చి చూడండి. ఇంటి గోడలకి నాలుగడుగులో ఐదడుగులో తవ్వి పునాది వేస్తారు. అంత లోతులో ఎండాకాలానికీ వానాకాలానికీ తడి పైన మారినంతగా మారదు, కాబట్టి ఇల్లు స్థిరంగా ఉంటుంది. మెట్లకి అడుగు లోతు తవ్వితే ఎక్కువ. చాలాచోట్ల నేల మీదే ఇటుక పేర్చేస్తారు. పైగా ఆ నేల కూడా అసలు నేల కాదు. గోడ పునాది కోసం తవ్విన గోతిలో తిరిగి పోసిన మట్టి. దిమ్మిస కొట్టకుండా, నీళ్ళు పట్టకుండా వదులుగా పోసేసినది. అది ఏళ్ళ తరబడి కుంగుతూనే ఉంటుంది. ఇక కాలువల సంగతి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో నేల తడి వాన మీదే ఆధారపడటం మానేసింది. కాలువలు వదిలాక నూతిలో నీరు పైకొస్తుంది, వేసవిలో కాలువలు కట్టేస్తే కిందికి పోతుంది. ఆ లెక్కన మన ఇంటి ముందు నేల ఏటా ఒకసారి లేచి ఒకసారి దిగుతుంది. ఇల్లు ఒడ్డు అనుకుంటే, మెట్లు ఆ ఒడ్డున కట్టిన పడవ. రెండిటినీ సిమెంటుతో అతికించాలనుకుంటే ఎక్కడో ఒకచోట తెగక తప్పదు.

"మా బావమరిది ఇంటి మెట్లు ఇరవై ఏళ్ళయినా చెక్కు చెదరలేదండీ" అనేవాళ్ళు తగులుతుంటారు. బావమరిది ఊరేదో అడగండి. రాజానగరమో జగ్గంపేటో అయ్యుంటుంది. అక్కడిది ఎర్ర గరప నేల, ఇంతగా ఉబ్బదు. ఆ మేస్త్రీని మండపేట తీసుకొచ్చి కట్టించినా ఇక్కడ ఇదే జరుగుతుంది.

మరి ఏం చెయ్యాలి? చీలికను ఒప్పుకోవాలి. మీ వీధిలో సీసీ రోడ్డు ఉంటే ఓసారి చూడండి, కొన్ని గజాలకోసారి అడ్డంగా నల్లటి తారు గీత కనిపిస్తుంది. కాంక్రీటు ఎండకి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది కాబట్టి ఇంజనీర్లు కావాలనే అక్కడ సందు వదిలి, సాగే గుణమున్న తారుతో నింపుతారు. మెట్టుకీ అరుగుకీ మధ్య మనం చెయ్యాల్సింది అదే. పాత సిమెంటంతా ఉలితో చెక్కి తీసెయ్యండి. సందు అరంగుళం వెడల్పుకి తగ్గకుండా, రెండంగుళాల లోతు వరకూ శుభ్రం చెయ్యండి. లోపల జనపనార తాడు గానీ, హార్డువేరు షాపుల్లో దొరికే స్పాంజి తాడు గానీ కూరండి. పైన అరంగుళం మందాన తారు పొయ్యొచ్చు, లేదా తుపాకీలాంటి గొట్టంతో పెట్టే పాలీయూరిథేన్ సీలెంటు పెట్టొచ్చు. సీలెంటుకి ఖర్చు కొంచెం ఎక్కువే. అయితే సందు పూర్తిగా ఎండి ఉన్నప్పుడు పెడితే చాలా ఏళ్ళు ఉంటుంది. తడి మీద పెడితే నెలలో ఊడొస్తుంది. చూడ్డానికి నల్ల గీత బాగుండదని ఇంట్లోవాళ్ళు అనొచ్చు. గడ్డి మొలిచిన చీలిక కన్నా బాగానే ఉంటుంది.

ఇది మెట్లు నిటారుగానే ఉండి, సందు మాత్రం పడినప్పటి మాట. మెట్లు ఒక పక్కకి ఒరిగినా, అంగుళానికి మించి కుంగినా పైపై మందు పనిచెయ్యదు. రసమట్టం పెట్టి చూడండి. అది లేకపోతే మెట్టు మీద చెంబుడు నీళ్ళు పోసి ఎటు పారుతున్నాయో చూడండి. నీళ్ళు ఇంటివైపు పారుతుంటే ఆ మెట్లు విప్పించి మళ్ళీ కట్టించడమే మేలు. అప్పుడు రెండడుగులైనా తవ్వించి, ఆ నల్లమట్టి తీయించి బయట పారబోయించండి. దాన్నే తిరిగి పొయ్యనివ్వకండి. ఆ గోతిలో ఇసుక నింపాలి. ఇసుక ఉబ్బదు, ముడుచుకోదు. అరడుగు మందం పోసి నీళ్ళు పట్టి దిమ్మిస, మళ్ళీ అరడుగు పోసి దిమ్మిస. ఒకేసారి గొయ్యంతా నింపి పైన నాలుగు దెబ్బలు వేస్తే కింద వదులుగానే ఉండిపోతుంది. పైన కాస్త ఎర్ర గ్రావెల్, దాని మీద నాలుగంగుళాల కాంక్రీటు, ఆ తర్వాతే ఇటుక. ఇసుక నింపిన గొయ్యి చుట్టూ ఇటుక కట్టు ఉండాలి, లేకపోతే వాన నీళ్ళతో ఇసుక జారిపోతుంది. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళకి ఇంత శ్రమ అక్కర్లేదు. మెట్లు ఎక్కడ వస్తాయో ముందే అనుకుని, ఇంటి పునాదితోపాటే వాటికీ వేయించండి.

కుంగుబాటుకి ఇంకో కారణం ఉంది, అది మట్టి కాదు, పందికొక్కు. డెల్టా పల్లెల్లో ధాన్యం ఉన్నచోట పందికొక్కు ఉంటుంది. దానికి మెట్ల కింది చోటంటే ఇష్టం. పైన గచ్చు, లోపల వదులు మట్టి, వాన తగలదు. పెరటి మెట్ల పక్కన రోజూ పొద్దున్నే కొత్త మట్టి కుప్ప కనిపిస్తే లోపల గుల్లవుతోందన్నమాట. పొన్నుకర్రతో మెట్ల మీద తట్టుకుంటూ వెళ్ళండి. గట్టిగా ఉన్నచోట చప్పుడు పొడిగా వస్తుంది. గుల్లగా ఉన్నచోట డబ్బా మీద కొట్టినట్టు మోగుతుంది. మోగిన మెట్టు మీద బరువులు ఎత్తుకుని ఎక్కకండి. పెద్దవాళ్ళు కన్నంలో గాజు పెంకులు కూరేవారు. అది దారి మూస్తుంది గానీ గుల్లని నింపదు. పక్క గోడలో నాలుగు ఇటుకలు ఊడదీసి, లోపల కంకర, పల్చటి కాంక్రీటు దట్టించి మూసెయ్యాలి. ఊడదీసేటప్పుడు చెయ్యి ముందు పెట్టకండి. పందికొక్కు ఖాళీ చేసిన ఇంట్లో పాము కాపురం పెడుతుంది.

మట్టి సంగతి అయింది కాబట్టి నీటి సంగతికి వస్తాను. పెంకుటిళ్ళలో చూరు నీళ్ళు సరిగ్గా రెండో మెట్టు మీదో మూడో మెట్టు మీదో ధారగా పడతాయి. ఏళ్ళ తరబడి అదే గీత మీద పడి రాయి అయినా గుంట పడుతుంది. చూరుకి రేకు దోనె కట్టించి నీటిని పక్కకి తిప్పించడం మెట్ల మరమ్మతులోకే వస్తుందని నేనంటాను. ఆ దోనె ఖర్చు మెట్లకి పెట్టే ఖర్చులో ఏ కొంచెమో. డాబా ఇళ్ళవాళ్ళు ఏసీ గొట్టం ఎక్కడ చుక్కలు రాలుస్తోందో చూసుకోండి. ఎండాకాలంలో కూడా మీ ఇంట్లో ఒక్క మెట్టే పచ్చగా ఉంటే కారణం పైన గోడకి వేలాడుతూ ఉంటుంది.

ప్రతి మెట్టూ ముందుకి కొంచెం వాలుగా ఉండాలి. అడుగుకి పావంగుళం చాలు, కాలికి తెలియదు, నీటికి తెలుస్తుంది. నీరు నిలిస్తే పాచి. మన దగ్గర ఆషాఢంలో మొదలైన పాచి కార్తీకం దాకా వదలదు. రాజమండ్రిలో పుష్కర ఘాట్‌లోనో కోటిలింగాల రేవులోనో దిగినవాళ్ళకి తెలుసు, నీరు ఎక్కుతూ దిగుతూ ఉండే ఆ నాలుగు మెట్ల దగ్గరే కాలు నిలవదు. ఇంటి దగ్గరా అంతే. పొద్దున్న తడిసి మధ్యాహ్నానికి సగం ఆరి మళ్ళీ సాయంత్రం తడిసే కింది మెట్టు, చెట్టు నీడలో ఉన్న మెట్టు, నూతి దగ్గర మెట్టు, ఇవి ముందు పాచి పడతాయి. అందుకని బ్లీచింగు కన్నా ముందు కత్తి పట్టుకోండి. మెట్ల మీదికి వాలిన కరివేపాకు కొమ్మో మందార కొమ్మో కొట్టేసి ఎండ రానిస్తే సగం పని అయినట్టే.

మిగతా సగానికి బకెట్ నీళ్ళలో గుప్పెడు బ్లీచింగు పొడి కలిపి, పాచి మీద పోసి, పావుగంట ఉంచి, పీచుతోగానీ గట్టి బ్రష్షుతోగానీ రుద్ది కడిగెయ్యండి. చేతికి తొడుగు, కాలికి రబ్బరు చెప్పులు తప్పనిసరి. రుద్దేవాళ్ళు పై మెట్టు మీంచి మొదలుపెట్టి కిందికి రావాలి. వెనక్కి నడుస్తూ రుద్దితే రుద్దినవాళ్ళే జారతారు. తులసి కోట పక్కనే ఉంటే నీళ్ళు అటు పోకుండా గోనెపట్టా అడ్డం పెట్టండి. ఒక హెచ్చరిక. బ్లీచింగు వేసినచోట బాత్రూం యాసిడ్ పొయ్యకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. అసలు యాసిడ్ ఒక్కటే అయినా మెట్లకి శత్రువే. నాపరాయి, కడప రాయి రెండూ సున్నపురాళ్ళే. యాసిడ్ పడగానే బుసబుస పొంగేది ఆ రాయే, మురికి కాదు. పై పొర తిని గరుకుగా వదిలేస్తే ఆ గుంటల్లో పాచి ఇంకా బాగా పడుతుంది. ఇక కాలువ రేవులో బ్లీచింగు కూడా వాడొద్దు. దిగువ ఊళ్ళవాళ్ళు ఆ నీళ్ళే వాడతారు, చేపల చెరువులకీ అవే వెళతాయి. అక్కడ పార, గట్టి చీపురు, ఒంట్లో సత్తువ, ఇవే సాధనాలు.

మన పండగలు కూడా మెట్లని జారేలా చేస్తాయి, కోప్పడకుండా వినండి. కార్తీక మాసమంతా మెట్ల మీద దీపాలు పెడతాం. ప్రమిదల్లోంచి కారిన నూనె రాయిలోకి ఇంకి, తెల్లారి మంచు పడగానే జారుడుబల్ల తయారవుతుంది. దీపం కింద ఓ చిన్న పళ్ళెమో అరిటాకు ముక్కో పెడితే సరిపోతుంది. కారిపోయిన నూనె మీద ఊక బూడిద జల్లి, పీల్చుకున్నాక తుడిచి, వేడినీళ్ళలో బట్టల సోడా వేసి కడగండి. రెండోది ముగ్గు. బియ్యప్పిండితోనో ముగ్గుపిండితోనో వేసిన ముగ్గుతో ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు రోజూ వేసే ఓపిక లేక ఎనామిల్ పెయింటుతో శాశ్వతంగా వేయిస్తున్నారు. ఆ రంగు తడిసిందంటే గాజు మీద అడుగేసినట్టే. వెయ్యాలనుకుంటే మెట్టు నిలువు ముఖం మీద వేయించండి. వీధిలోవాళ్ళకి అదే బాగా కనబడుతుంది కూడా.

అద్దంలా మెరిసే గ్రానైటు గురించి నాకు చాలా కోపం ఉంది. గల్ఫు నుంచో హైదరాబాదు నుంచో కొడుకు డబ్బు పంపుతాడు. తాతగారు వేయించిన గరుకు నల్లరాయి తీయించి, నాన్నగారు మెరిసే గ్రానైటు వేయిస్తారు. మొదటి వానకి మామ్మగారు తుంటి విరగ్గొట్టుకుంటుంది. లోపలి హాల్లో ఎంత మెరిసినా మెరవనివ్వండి. బయటకి మాత్రం మంటతో కాల్చి గరుకు చేసిన గ్రానైటు దొరుకుతుంది, లేదా మెరుగు పట్టని నాపరాయి ఉంది. ఇప్పటికే వేయించేసినవాళ్ళు పీకించనక్కర్లేదు. రాళ్ళు కోసే మేస్త్రీని పిలిచి, ప్రతి మెట్టు అంచు దగ్గరా అంగుళం వదిలి, మూడు సన్నటి గాళ్ళు అడ్డంగా కోయించండి. పూట పని. అతికించే గరుకు టేపులు కూడా అమ్ముతున్నారు గానీ మన ఎండకీ వానకీ అవి అంచులు లేచి, వాటికే కాలు తట్టుకుంటుంది.

ఇప్పుడు కాగితం, పెన్సిలు దగ్గరున్నవాళ్ళు తీసుకోండి. చిన్న లెక్క ఉంది.

మెట్టు ఎత్తు ఎంతుండాలి? మన మేస్త్రీలు ఆరంగుళాల ఎత్తు, పన్నెండంగుళాల వెడల్పు అంటారు. ఫ్రాన్సులో 17వ శతాబ్దంలో బ్లాండెల్ అనే వాస్తుశిల్పి ఉండేవాడు. ఆయన మనిషి నడకని బట్టి ఒక సూత్రం చెప్పాడు, ఎత్తుని రెండుతో హెచ్చవేసి వెడల్పు కలిపితే వాళ్ళ అంగుళాల్లో 24 రావాలని. మన మేస్త్రీ లెక్క కట్టి చూడండి, ఆరు రెళ్ళు పన్నెండు, పన్నెండు కలిపితే 24. ఏ పుస్తకమూ చూడకుండా కాలే చెప్పిన లెక్క ఇది. మన జాతీయ భవన నియమావళి అయితే ఇళ్ళకి ఎత్తు 190 మిల్లీమీటర్లు మించకూడదని, వెడల్పు 250కి తగ్గకూడదని అంటుంది. అంటే ఏడున్నర అంగుళాలు, దాదాపు పది అంగుళాలు.

అంతకన్నా ముఖ్యం, అన్ని మెట్లూ ఒకే ఎత్తులో ఉండటం. మొదటి రెండు మెట్లు ఎక్కగానే కాలు ఆ ఎత్తుని పట్టేసుకుంటుంది, ఆ తర్వాత కన్ను చూడదు. మూడోది అంగుళం తేడాగా ఉంటే పడిపోతాం. అమెరికాలో నియమాలు ఒక వరుసలో అన్నిటికన్నా పెద్ద మెట్టుకీ చిన్న మెట్టుకీ తేడా అంగుళంలో ఎనిమిదో వంతులు మూడు దాటకూడదంటాయి. మన చిటికెన వేలు మందం కన్నా తక్కువ.

మన ఊళ్ళలో ఈ సమానం చెడేది రోడ్డు వల్ల. సీసీ రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదే పోస్తారు. వీధి లేస్తుంది, ఇల్లు ఉన్నచోటే ఉంటుంది. ఒకప్పుడు ఏడు మెట్లెక్కి వెళ్ళిన అరుగుకి ఇప్పుడు నాలుగెక్కితే చాలు. కొన్ని పాత మండువా ఇళ్ళలోకి ఎక్కడం పోయి దిగడం వచ్చింది. ఆ ఇళ్ళకి మెట్ల మరమ్మతు కాదు, వీధి నీళ్ళు లోపలికి రాకుండా కట్ట కావాలి. అది వేరే ప్రసంగం.

మెట్లు ఇంకా మిగిలినవాళ్ళ లెక్క చూద్దాం. అరుగు ఎత్తు 42 అంగుళాలు, ఆరేసి అంగుళాల చొప్పున ఏడు మెట్లు అనుకోండి. రోడ్డు 9 అంగుళాలు లేచింది. కింది మెట్టు పూర్తిగా మునిగింది, రెండోదాంట్లో సగం మునిగి మూడంగుళాలే మిగిలింది. ఆ మూడంగుళాల మెట్టు దగ్గరే చుట్టాలందరూ తట్టుకుంటారు. కొత్తగా కట్టనక్కర్లేదు. ఇప్పుడు ఎత్తు 33 అంగుళాలు, ఎక్కాల్సినవి ఆరు. 33ని ఆరుతో భాగిస్తే ఐదున్నర. అన్నీ ఐదున్నర చేసేస్తే సరి. కింది మెట్టు మీద రెండున్నర అంగుళాలు పెంచాలి, దాని పైదాని మీద రెండు, ఆపైన ఒకటిన్నర, ఆపైన ఒకటి, ఆపైన అర. అరుగుని ముట్టుకోనక్కర్లేదు. అరంగుళం పెంచాల్సినచోట పాత గచ్చు చెక్కించి, కొత్త మాలు కనీసం అంగుళం మందం ఉండేలా చేయించండి. పల్చటి పూత నిలవదు.

ఇంతా చెప్పాక ఇంటి పెద్దాయన, "ఆరు సరి సంఖ్య కదండీ, వాస్తు ఒప్పుకోదు" అంటారు. బేసి కావాలంటే 33ని ఐదుతో భాగించండి, 6.6 వస్తుంది, అదీ నడకకి అనుకూలమే. కాకపోతే పాత మెట్లు విప్పి కట్టాలి. గడపని కూడా కలిపి లెక్కేస్తే ఆరు ఏడవుతుందని ఒక మేస్త్రీ తేల్చేశాడు, ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. ఎలా లెక్కపెట్టినా నాకు అభ్యంతరం లేదు. బేసి కోసమని చివర్లో రెండంగుళాల దొంగ మెట్టు ఒకటి ఇరికిస్తే మాత్రం ఒప్పుకోను.

అంచులు విరిగిన మెట్ల గురించి రెండు మాటలు. విరిగినచోట మాలు మెత్తి వదిలేస్తే పది రోజుల్లో రాలుతుంది. వదులుగా ఉన్నదంతా చెక్కి, అంచులు నిలువుగా, కనీసం అంగుళం లోతు గుంట ఉండేలా తీర్చాలి. రాత్రంతా తడి గోనె కప్పి, పొద్దున్న పైన నీరు ఆరాక సిమెంటు పాలు పూసి, అవి తడిగా ఉండగానే ఒకటికి మూడు పాళ్ళ మాలు దట్టించాలి. ముందు ఒక చెక్క బద్ద ఆనిస్తే అంచు తిన్నగా వస్తుంది. కోనసీమలో సముద్రం దగ్గర ఊళ్ళవాళ్ళు, అంతర్వేది, ఓడలరేవు వైపువాళ్ళు, రెండు జాగ్రత్తలు అదనంగా పడాలి. పోటు నీరు తగిలే చోటి ఇసుక వాడొద్దు, అందులో ఉప్పు ఉంటుంది. మెట్లలో ఇనప ఊచ లేకుండా గడిస్తే మరీ మంచిది. ఉప్పు తగిలిన ఊచ తుప్పు పట్టి ఉబ్బి, పైన కాంక్రీటుని లోపల్నుంచి పగలగొడుతుంది. ఊచ తప్పదనుకుంటే స్లాగు సిమెంటు వాడండి, ఊచ మీద రెండంగుళాల కప్పు ఉంచండి.

లంక గ్రామాలవాళ్ళకి మెట్లంటే వరద కొలత కూడా. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రేడియోలో ఆ అంకె వినగానే మన ఇంట్లో ఎన్నో మెట్టు దాకా వస్తుందో లంకల్లో పెద్దవాళ్ళు చెప్పేస్తారు. 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు, 2022 జూలై వరద పిల్లలకి కూడా గుర్తే. నీరు తీసినప్పుడు మెట్ల మీద మేట వేసిన ఒండ్రుని పచ్చిగా ఉండగానే పారతో లాగి కడిగెయ్యండి. రెండు రోజులు ఎండితే గడ్డపార కావాలి. కడిగాక కర్రతో తట్టి చూడకుండా మాత్రం ఎక్కకండి. వరద నీరు పోతూ పోతూ కింది ఇసుకని వెంట తీసుకుపోతుంది. మెట్టు పైకి బాగానే ఉంటుంది, కింద ఏమీ ఉండదు.

చేతిపట్టు సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే. వీధి మెట్లకి పట్టుకునే పైపు పెట్టిద్దామంటే, "అప్పుడే అంత ముసలాళ్ళమయ్యామా" అని ఇంట్లో పెద్దవాళ్ళే వద్దంటారు. పిల్లలు ఊళ్ళో లేని ఇళ్ళు మన జిల్లాల్లో వీధికి నాలుగున్నాయి. పెద్దాయన, పెద్దావిడ, పెద్ద ఇల్లు, ఎత్తు మెట్లు. వాళ్ళ కోసమని కాకుండా గేటుకి రంగు వేయించేటప్పుడు దాంతోపాటే పెట్టించెయ్యండి, అందం కోసమని చెప్పండి. మూడడుగుల ఎత్తు, గుప్పిట పట్టేంత లావు, పై మెట్టు దాటి అరుగు మీదికి ఒక అడుగు సాగేలా. పైపు కాలు మెట్టు అంచున కాకుండా పక్క గోడలో దిగేయించండి. అంచున రంధ్రం చేస్తే నీరు దిగి అదే మొదట పగులుతుంది.

ఈ పనులన్నిటికీ వేసవే అదును. కాలువలు కట్టేసి ఉంటాయి, రేవు మెట్లు కాలువ అడుగు దాకా బయటపడతాయి, తవ్విన గోతిలో నీరు ఊరదు. సీలెంటు కూడా అప్పుడే పెట్టాలి. నేల బాగా ముడుచుకుని, సందు పూర్తిగా తెరుచుకుని ఉండేది అప్పుడే. వేసవిలో ఇబ్బంది ఒకటే, సిమెంటు తొందరగా ఆరిపోయి పెళుసెక్కుతుంది. చేసిన మర్నాటి నుంచి వరిగడ్డి పరిచి, దాని మీద గోనె కప్పి, పది రోజులు పొద్దున్నా సాయంత్రం తడపండి. మేస్త్రీ ఒక్కరోజు తడిపి వెళ్ళిపోతాడు, మిగతా తొమ్మిది రోజులూ మన పనే.

మొదటి మూడు రోజులు ఇంట్లోవాళ్ళు పెరటి దారిన తిరగాలి. పాలబ్బాయికి, పేపరబ్బాయికి రాత్రే చెప్పి ఉంచండి, గేటుకి అడ్డంగా తాడు కట్టండి. ఎంత కాపలా కాసినా తెల్లారేసరికి ఏదో ఒక మెట్టు మీద కుక్క పాదం పడే ఉంటుంది. మేస్త్రీని మళ్ళీ పిలిచి దాన్ని చదును చేయించకండి. ఆరిన పొర మీద పూసిన పూత నిలవదని ఇందాకే చెప్పుకున్నాం కదా. ఉండనివ్వండి, వానాకాలంలో కాలికి కాస్త పట్టుంటుంది.